కుంకుడు రసం తగిలిన ప్లేటు

మచిలీపట్నం, మంగళవారం

1. క్వాంటం కంప్యూటర్ తయారుచేస్తున్న బెంగళూరు కంపెనీకి నేను బంగారు పూత వేసి పంపిన ప్లేటు తిరిగి వచ్చింది.

2. పరమాణువులను గాలి లేని పెట్టెలో, దేనికీ తగలకుండా నిలిపి ఉంచేది ఆ ప్లేటే. దాని నుంచి ఏదో ఆవిరి వస్తోందని ఇంజనీరు మాధవి గారు ఫోన్ చేశారు.

3. "చివర్లో దేంతో కడిగారండీ?" అని అడిగారు. కుంకుడు రసంతో అన్నాను. ఆమె మళ్లీ అడిగారు, "తలకి పోసుకునేదేనా అండీ?"

రోల్డ్‌గోల్డ్ నగకు మెరుపు తేవడానికి మా వీధిలో అందరం చేసే పనే అది. అలవాటు కొద్దీ చేసేశాను. ఒకప్పుడు కుంకుడు రసం తొట్టి చుట్టూ నలుగురం కూర్చుని కడిగేవాళ్లం. "నీ కబుర్లకి నగలు నల్లబడుతున్నాయి బావా, కాసేపు ఊరుకో," అని కోడూరు బావ ఏడిపించేవాడు. పని తగ్గాక అతను రొయ్యల చెరువులకు వెళ్లిపోయాడు. మిగతా ఇద్దరూ మానేశారు.

ఉన్న ఈ ఒక్క పనీ పోయిందనుకున్నాను. ఇంకొక్క ప్లేటు పంపి చూస్తామన్నారు. శుద్ధి చేసిన నీళ్లతోనే కడగాలి. నోటి తుంపర ప్లేటు మీద పడకుండా, పని ముగిసేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు.

"అదే కష్టమండీ, ఇక్కడ మావాళ్లే మర్చిపోతుంటారు," అన్నారామె.

నాకు కష్టం కాదన్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

రాత్రి పదిన్నర.
పెదపూడి వెంకట ప్రకాశరావు