ఎడమవైపు గోల్

ఒరేయ్ బావమరిదీ,

ముందు తిట్లు, తర్వాతే కుశలం. మీ కంపెనీ చేసిన ఫుట్‌బాల్ గేమ్ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నా బీపీ పెరిగింది. క్రికెట్ గేమ్‌లో ఫీల్డరు బుద్ధిగా క్యాచ్ పడతాడు. టెన్నిస్ గేమ్‌లో బంతి కొట్టినచోటికే పోతుంది. నీ గేమ్‌లో గోల్‌కీపర్ మాత్రం, ఎడమవైపు బంతి వస్తే అది వలలో పడ్డాక తీరిగ్గా దూకుతాడు. మా అమ్మాయి ఆ కిటుకు కనిపెట్టి నన్ను రోజూ చిత్తుగా ఓడిస్తోంది.

"నిజం గోల్‌కీపర్ ఎక్కడైనా ఇలా దూకుతాడా?" అని మీ అక్కతో అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒంటినిండా మెరిసే బిళ్లలు అంటించుకుని మా తమ్ముడి ఆఫీసులో దూకిందెవరండీ? అచ్చం మీరే!"

అప్పుడు గుర్తొచ్చింది, ఆ బిళ్లల్ని కెమెరాలతో పట్టి, గేమ్‌లో గోల్‌కీపర్ కదలికల కోసం నువ్వు దూకించింది నన్నే. ఇన్నేళ్లుగా మా బస్సు డిపో టీమ్‌కి గోల్‌కీపర్ని, ఎడమవైపు ఆలస్యంగా దూకుతానని ఒక్కడూ నాకు చెప్పలేదు! పౌరుషమొచ్చి, డ్యూటీ దిగగానే షెడ్డు వెనక ఎడమవైపే దూకడం మొదలుపెట్టాను. మోచేతులు చెక్కుకుపోయాయి. నిన్న పోస్టాఫీసు వాళ్లతో మ్యాచ్‌లో ఎడమవైపు వచ్చిన పెనాల్టీని ఆపేశాను. మావాళ్లు నన్ను భుజాలకెత్తుకున్నారు.

కాబట్టి నీ గేమ్ ఇప్పుడు తప్పు. ఆ బిళ్లల చొక్కా సిద్ధం చెయ్యి, ఆదివారం వస్తున్నాను.

ఒక్క మాట. ఎడమవైపు మాత్రమే మార్చు, కుడివైపు పాతదే ఉంచు. అటు దూకడం ఇప్పుడు మర్చిపోయాను.

నీ బావ