ఫోర్ ఇంటూ ఎయిట్

మంగళవారం, స్కోఫీల్డ్స్

ఈ దేశంలో టీచర్లు దొరక్క, టీచరు లైసెన్సు రాకముందే తాత్కాలిక అనుమతి మీద నాకు లెక్కల క్లాసు ఇచ్చారు. ఇవాళ "ఫోర్ ఇంటూ ఎయిట్" అంటూ బోర్డు మీద ముప్పై రెండు వేశాను. పిల్లలు గొల్లున నవ్వారు. ఇక్కడ ఇంటూ అంటే భాగహారమట, ఎనిమిదిలో నాలుగు ఎన్నిసార్లు అనట, జవాబు రెండట! వెనక కూర్చుని చూసిన ప్రిన్సిపాల్, "లైసెన్సులు పెట్టింది ఇందుకే" అంది బయటికొచ్చాక.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి, "అమ్మా, జస్ట్ సే ఫోర్ టైమ్స్ ఎయిట్" అంది. గుంటూరులో ఇన్నేళ్లూ ఇంటూ అనే చెప్పిన నోరిది.

అనుమతి తీసేస్తారేమో... తీసేసి ఎవర్ని నిలబెడతారు? నేను చేరేదాకా ఆ క్లాసుకు మనిషే లేరు.

రేపు మళ్లీ ఇంటూ అనే అంటాను. మా ఊళ్లో ముప్పై రెండు, మీ ఊళ్లో రెండు. రెండూ చెప్పందే ఒక్కడూ నా క్లాసులోంచి కదలడు.