చింతలగుట్ట బడికి వచ్చిన మొదటి స్థానం రద్దు చేయమని

చింతలగుట్ట,
తేది: 19-06-2024

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, చింతలగుట్ట ప్రాథమిక పాఠశాల ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడు రఘుపతి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: 'తోటివాళ్లం' కార్యక్రమ పరీక్షలో మా పాఠశాలకు ఇచ్చిన మొదటి స్థానమును రద్దు చేయుట గురించి, మరియు ఐదవ తరగతి విద్యార్థిని కుమారి కోమల టి.సి. నిలుపుదల గురించి.

సూచిక: లేదు. ఈ విషయమై నన్ను ఇంతవరకు ఎవరూ సంజాయిషీ అడగలేదు.

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయముగా తెలియజేయునది ఏమనగా:

1. బడుల్లో చిన్నపిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం, పేర్లు పెట్టి వెక్కిరించడం, కొట్టుకోవడం మాన్పించేందుకు హైదరాబాద్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ వారు 'తోటివాళ్లం' అనే కార్యక్రమం తెచ్చిన సంగతి తమకు విదితమే. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి చీటీలు తీసి ఇరవై బడులను రెండు భాగాలు చేశారు. పది బడుల్లో కిందటేడు నడిపారు, తక్కిన పదింటిలో నడపలేదు. సంవత్సరం మొదట ఒకసారి, చివర ఒకసారి పిల్లలందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి తేడా చూడాలని ఏర్పాటు. చీటీలో మా బడి నడిపే వైపు వచ్చింది.

2. జూలైలో సంస్థ తరఫున దీప్తి అనే అమ్మాయి వచ్చి, నన్నూ సహోపాధ్యాయిని మంజులత గారినీ వరండాలో కూర్చోబెట్టి, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలు ముప్పై నాలుగు మంది చేత పత్రాలు నింపించింది. పందొమ్మిది మంది తమను ఎవరో ఒకరు ఏడిపిస్తున్నారని రాశారట. ఆ లెక్క విని నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ప్రతి శనివారం చివరి పీరియడులో పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించాము. చెప్పుకోలేని సంగతులు రాసి వేయడానికి గోడకు ఒక డబ్బా బిగించాము. కొందరు పిల్లలు నిజంగానే మెత్తబడ్డారని నా కళ్లతో చూశాను. అంతకు మించి నేను సాక్ష్యం చెప్పలేను.

3. ఫిబ్రవరిలో రెండవసారి పత్రాలు నింపవలసిన రోజున దీప్తికి ఇంకో బడి కూడా పడింది. కట్ట నా చేతికిచ్చి, "సార్, ఇందుల రైటు తప్పు ఏం లేదు. పిల్లలు ఏం రాస్తే గదే. మీరు జర దూరం కూసోండి" అని మరీ మరీ చెప్పి వెళ్లింది. ఆమె బండి మలుపు తిరిగిందో లేదో, తరగతి లీడర్ సాయికిరణ్ లేచి, "సార్, ఏది కరెక్టు?" అని అడిగాడు.

అయ్యా, నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు. పిల్లవాడు ఆ మాట అడిగితే జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. తనిఖీ వస్తుందన్నా, స్లిప్ టెస్ట్ అన్నా జవాబులు బోర్డు మీద రాయడం, పిల్లలు చూసి దించుకోవడం మా బడిలో మామూలు. (అది వేరే నేరము. దానికి వేరే అర్జీ పెట్టుకోగలను.) సుద్దముక్క తీసుకుని ఒకటి నుంచి పన్నెండు దాకా ప్రతి ప్రశ్నకూ ఎదురుగా 'ఎప్పుడూ లేదు' అని రాశాను. "గిదే కరెక్టు. నీట్‌గ రాయండి" అన్నాను. పది నిమిషాల్లో మా బడిలో ఎవరూ ఎవరినీ ఏడిపించకుండా అయిపోయింది.

4. ముప్పై ముగ్గురు దించుకున్నారు. కోమల దించుకోలేదు. 'నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నారా' అన్న ప్రశ్నకు 'రోజూ' అన్న గడిలో టిక్కు పెట్టి, కింద ఖాళీ గీత మీద పెన్సిల్‌తో ఇలా రాసింది: 'ముందు సారు అన్నడు. తర్వాత అందరు నూకుతుండ్రు.' పత్రాలు పోగుచేస్తూ అది చదివాను. రబ్బరు తీసుకుని ఆ వాక్యం చెరిపి, టిక్కు కూడా చెరిపి, నా చేత్తో 'ఎప్పుడూ లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆమె నా బల్ల పక్కనే నిలబడి చూస్తున్నది. ఆ పత్రం సంస్థ వారి వద్దనే ఉండాలి. వెలుతురుకు పట్టి చూస్తే పెన్సిల్ ఒత్తు ఇంకా కనిపించవచ్చు.

5. ఈ అంశము నాలుగవ దానికంటే ముందు రాయవలసినది. ధైర్యం చాలక వెనక్కి వేశాను. కోమలకు నత్తి. కిందటేడు జూన్‌లో నాలుగో తరగతి తెలుగు పాఠం చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. తరగతిని నవ్వించాలని నాకు బుద్ధి పుట్టింది. "బండి స్టార్టయితలేదు. ఎవలన్న జర నూకుండ్రిరా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరుసటి రోజు నుంచి ఆమె పేరు 'నూకుడు బండి'. నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు వీపు మీద చేతులు వేసి తోసేవారు. నేను చాలాసార్లు చూశాను. ఆపమని ఒకటి రెండుసార్లు అన్నాను. నేను పెట్టిన పేరు కాబట్టి గట్టిగా అనలేకపోయాను.

6. పందొమ్మిది నుంచి సున్నాకు దిగిన బడి జిల్లాలో మాది ఒక్కటేనని సభ పెట్టి నాకు శాలువా కప్పారు. తమరు కూడా వేదిక మీద ఉన్నారు. మా బడికి ఇక అవసరం లేదని శనివారం పీరియడు ఎత్తేసి, గోడకున్న డబ్బా విప్పి వేరే బడికి తీసుకుపోయారు. మార్చిలో మధ్యాహ్న భోజనం వరుసలో కోమల వంటామెను ఇంకొంచెం పప్పు అడగబోయి మాట రాక ఆగింది. వెనక నుంచి తోశారు. వరండా గట్టు అంచుకు కొట్టుకుని పెదవి చీలింది. కోస్గి దవాఖానలో మూడు కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి బడికి రాలేదు.

7. కోమల తల్లిదండ్రులు పూనాలో బిల్డింగు పనికి పోయి ఉన్నారు. పిల్ల అవ్వ బిక్షమ్మ దగ్గర ఉంటున్నది. నిన్న బిక్షమ్మ టి.సి. కోసం వచ్చింది. "పూనాకు తోలిస్త సారూ. ఆడ తమ్ముని ఎత్తుకుంటది. గీ బడి దానికి అచ్చిరాలే" అన్నది. నా మీద ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అక్కడికి పోయిన పిల్లలు తిరిగి పలక పట్టరని తమకు నేను చెప్పనక్కరలేదు. టి.సి. పుస్తకం తాళం చెవి కనబడటం లేదని అబద్ధమాడి పంపించాను. తాళం చెవి నా జేబులోనే ఉంది.

కావున తమరు దయతో:

(అ) మా పాఠశాల ఫలితమును రద్దు చేసి, మా పత్రాలను పరీక్ష లెక్కలో నుంచి తీసివేయించగలరు. కార్యక్రమం పనిచేసిందో లేదో మా బడిని చూసి ఎవరూ చెప్పలేరు. తెలుసుకునే దారి నేనే మూసేశాను. ఇందులో దీప్తి తప్పు ఏమీ లేదు. ఆమె ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు.

(ఆ) బయటివారిని పంపి పిల్లలను మళ్లీ అడిగించగలరు. ఆ రోజు నాకు సెలవు మంజూరు చేయగలరు.

(ఇ) తోసిన పిల్లలను శిక్షించకుండా, శాఖాపరమైన చర్య ఏదైనా నాపైననే తీసుకొనగలరు.

(ఈ) కోమల టి.సి. నిలిపివేసి, ఆమెను తిరిగి నా తరగతిలోనే కూర్చోబెట్టి, నా తప్పు నా చేత్తోనే దిద్దుకునే అవకాశము ఇప్పించగలరు.

రాసినదంతా నిజమని, ఇందులో ఒక్క జవాబూ ఎక్కడా చూసి దించుకున్నది కాదని చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఇంతవరకు అవసరానికి మించిన విధేయుడు)
రఘుపతి

తా.క.: కవరు అంటించే ముందు ఈ అర్జీ తీసుకుని సాయంత్రం బిక్షమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని మొత్తం చదివి వినిపించాను. నన్ను మెచ్చుకుంటారని లోపల ఎక్కడో ఆశ ఉందని ఒప్పుకుంటున్నాను. బిక్షమ్మ అంతా విని, "సారూ, అన్నది మీరే, రాసింది మీరే, ఇప్పుడు సదివేది గూడ మీరే. పిల్లకేం కావాల్నో ఎవలన్న అడిగిండ్రా?" అన్నది.

అడిగాను. కోమల నోరు తెరిచింది. మొదటి అక్షరం దగ్గర ఆగింది. మిగతా మాట నేను అందివ్వబోయి ఊరుకున్నాను. చాలాసేపు పట్టింది. ఇంత ఓపికగా ఏ పిల్ల మాటా నేను ఇంతవరకు వినలేదు.

"బడికొస్త. మీ క్లాసుల కూసోను" అన్నది.

కాబట్టి పైన (ఈ)లో రెండవ సగం కొట్టివేసి, ఐదవ తరగతిని మంజులత గారికి అప్పగిస్తూ ఉత్తర్వులు ఇప్పించగలరు. ఇప్పుడు ఆమె చూస్తున్న ఒకటి, రెండు తరగతులు నేను చూసుకుంటాను. వీలైతే రేపటి లోపలే ఇప్పించండి. కోమల ఎల్లుండి తొమ్మిదింటికి వస్తానన్నది.