నల్ల రిబ్బను నేనే అడిగి కట్టించుకున్నాను

మయూర్ విహార్, ఢిల్లీ
ఫిబ్రవరి 2006

మా ప్రాంతపు విపత్తు సహాయ వాలంటీర్ల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కుమార్తె కావేరిని వాలంటీర్ల కెప్టెను బాధ్యత నుండి తప్పించిన ఉత్తర్వు రద్దు చేయుట గురించి, మరియు అడిగిన క్షమాపణ పత్రము మేము రాయబోమని తెలియజేయుట గురించి.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో జమాదారుగా పనిచేసి రిటైరైన, ఏడో తరగతి వరకు చదివిన మల్లేశం అను నేను విన్నవించునది. తమరు తెలుగువారని, ఆర్.కె. పురంలో ఉంటారని తెలిసి తెలుగులో రాస్తున్నాను. హిందీలో నాకు బతిమాలుకోవడం ఒక్కటే వచ్చు. ఈ అర్జీలో దానితో పని లేదు.

నాకు కోపం ఉన్నమాట నిజమే గానీ సంతోషం అంతకు రెట్టింపు ఉన్నది. కాబట్టి ఎక్కడైనా మాట మీరితే అది సంతోషం వల్లనే అని భావించగలరు.

1. నిరుడు కాశ్మీరు భూకంపం నాడు మా ఇళ్ళల్లో కూడా ఫ్యాన్లు ఊగినవి. మాకు లిఫ్టు లేదు. ఉన్న ఒక్క మెట్లదారిలో అందరం ఒకరినొకరు తోసుకున్నాము. అది చూసి కావేరి తమ ఆఫీసులో శిక్షణ పొంది, బ్లాకులో వాలంటీర్లను కూడగట్టి, జనవరిలో ఒక ఆదివారం మాక్ డ్రిల్ పెట్టినది. భూకంపం వచ్చినట్టు, మాకు దెబ్బలు తగిలినట్టు. నడవగలిగినవారికి ఆకుపచ్చ రిబ్బను, గట్టి దెబ్బలకు ఎరుపు, చనిపోయినవారికి నలుపు. ఆకుపచ్చ కోసం తోపులాట జరిగినది. నలుపు అపశకునమని ఎవరూ ముట్టలేదు. నేను చెయ్యెత్తాను.

కావున తమకు అందిన ఫిర్యాదులోని "వృద్ధుడైన తండ్రిని బలవంతముగా శవము వలె పడుకోబెట్టినది" అను ఆరోపణ పచ్చి అబద్ధము. నా భార్య రాజేశ్వరమ్మ సాక్షి.

"ఇంతమందిల నీకే దొరికిందా సావు? ఆ ఎర్రదన్న కట్టుకోరాదా," అన్నది ఆమె.

"ఎర్రది కట్టుకుంటే మూలుగాల్నట. నాకు రాదు," అన్నాను నేను.

2. నన్ను స్ట్రెచరు మీద పై అంతస్తు నుండి దించసాగారు. మా ఎదురింటివారు, సొసైటీ సెక్రటరీ రఘువీర్ గారు మెట్ల మలుపులో చెప్పుల అలమారీ పెట్టుకున్నారు. అక్కడ స్ట్రెచరు తిరగలేదు. ఒక పక్కకు ఒరిగింది. ప్రాణభయంతో నేను రెయిలింగు పట్టుకున్నాను.

"డాడీ, ఆప్ మర్ గయే. చెయ్యి వదలండి," అన్నది కావేరి. చనిపోయినవాణ్ణి గనుక వదిలాను.

తరువాత ఆమె సెక్రటరీ గారితో, "అంకుల్, అలమారీ హటానా పడేగా, తీసెయ్యాల్సిందే," అన్నది.

"అరే బేటీ, నాటకమే కదా, కొంచెం ఎత్తి పట్టుకుని పొండి," అని ఆయన హిందీలో నవ్వారు.

"నాటకంలోనే తిరగకపోతే అసలు రోజున ఎట్లా తిరుగుతుంది అంకుల్?" అని, విజిల్ ఊది, ఇద్దరు వాలంటీర్ల చేత ఆ అలమారీని చెప్పులతో సహా ఆయన గుమ్మం లోపల పెట్టించింది. అసలు నేరం ఇదే అయ్యా. మిగతావన్నీ దీని చుట్టూ అల్లినవి.

ఈ పిల్ల ఆటోవాడితో బేరమాడలేక అడిగినంత ఇచ్చి వచ్చే పిల్ల. ఆ రోజు మిలిటరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషిని కూడా వరసలో నిలబెట్టింది. నేను కళ్ళు మూసుకుని ఆ గొంతు విన్నాను. నా పెళ్ళి నాడు కూడా నాకు అంత ఆనందం కలగలేదు. చచ్చినవాడు నవ్వితే డ్రిల్ చెడిపోతుందని పెదవి కొరుక్కున్నాను.

3. ఇక "జనవరి చలిలో ముసలివాణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టి నీళ్ళు గుమ్మరించి హింసించారు" అను ఆరోపణ. నీళ్ళు పోసిన మాట వాస్తవము. పోసినది కావేరి కాదు, రాజేశ్వరమ్మ. నలుగురి చేతుల మీద మెట్లు దిగిపోయిన మనిషి స్నానం చేయకుండా ఇంట్లోకి ఎట్లా వస్తాడని గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఉత్తుత్తి సావే గదనే" అని నేనంటే, "ఉత్తుత్తిదైతే ఉత్తుత్తి ఇంటికే పో" అన్నది. నీళ్ళు గీజరువి, వేడివి, పసుపు కూడా వేసింది. కింది అంతస్తువారు పచ్చటి నీళ్ళు కారుతుంటే చూసి ఏమనుకున్నారో వారికే తెలియాలి. తమరు తెలుగువారు గనుక ఇంతకంటే వివరించను.

4. సెక్రటరీ గారు ఇచ్చిన పై ఫిర్యాదు మీద విచారణకు ఒక్కరూ రాలేదు. నన్ను అడగలేదు. ఉత్తర్వు మాత్రం వచ్చినది. కావేరి క్షమాపణ రాసేవరకు కెప్టెను కాదట, మార్చి నెల డ్రిల్ జరగరాదట. బిడ్డ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో నాడు కలం తీసి రాయబోతుంటే నేనే లాక్కున్నాను. అలమారీ మళ్ళీ మెట్ల మలుపులోకే వచ్చింది. భూమి ఊగితే అది ఉత్తర్వు చూసి ఆగదు గదా.

కావున ఉత్తర్వు రద్దు చేసి, ఎవరినైనా పంపి మా మెట్లు చూపించవలసినదిగా కోరుచున్నాను. తీరిక లేకపోతే పరవాలేదు. తమరు చిత్తగించినా, చిత్తగించకపోయినా, మార్చి మొదటి ఆదివారం ఉదయం కావేరి విజిల్ ఊదుతుంది, మేము మెట్లు దిగుతాము. మా మీద ఏ చర్య తీసుకున్నా మొదటి పేరు నాది రాయగలరు.

ఈ ఒక్క విషయంలో తప్ప అన్నిటా తమ విధేయుడు,
మల్లేశం

తా.క. ఇది మడత పెడుతుండగా సెక్రటరీ రఘువీర్ గారి తల్లి ఛాయాదేవి గారు గోడ పట్టుకుని మా గుమ్మందాకా వచ్చారు. మోకాళ్ళ నొప్పితో దీపావళి ముందునుండి ఆమె కిందికి దిగలేదు. "భాయీసాబ్, ఈసారి చచ్చిపోయేది నేను. బతికుండగా ఎవరూ నన్ను దించడం లేదు, చస్తే అయినా దించుతారు కదా," అన్నారు. కావేరి ఆమె పేరు రాసుకున్నది. స్ట్రెచరు తలవైపు పట్టుకోవడానికి కొడుకును ఆమే పిలుస్తారట.