గట్టు మీద నడక

రాజాం,
ఫిబ్రవరి 2016

చిన్నకూతురు కృపారాణికి అమ్మ దీవెనలు. ప్రభువు కాచిన మేరకు ఇక్కడ నేనూ, మీ అన్నయ్య రాబర్టూ బాగున్నాము. అక్కడ జయపురంలో నువ్వూ, నీ బడి పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. కప్పు కారే చోట రేకు వేయించాను, వానలొస్తే గానీ దాని సంగతి తెలియదు. అన్నయ్య గంజి తాగుతున్నాడు కానీ ఊరికే పొలమారుతోంది. చెంచాతో పోస్తూ నేను ఊపిరి బిగబట్టుకుంటాను. మీ హాస్టలు మెట్లు తడిగా ఉంటాయన్నావు, గోడ పట్టుకుని దిగు. సంజయ్ సంబంధం సంగతి చివర రాస్తాను.

పోయిన వారం విశాఖపట్నం నుంచి రేఖ అని ఒక డాక్టరమ్మ వచ్చింది. మీ నాన్నకి వచ్చి, అన్నయ్యకి దిగిన ఈ నడక జబ్బు ఉన్న ఇళ్లన్నీ తిరుగుతోంది. ఎక్కడో పరాయి దేశంలో తయారుచేసిన ప్రశ్నల కాగితాన్ని తెలుగులోకి తెచ్చారట. రోగి తన కష్టం తన నోటితోనే చెప్పాలట. ఆ ప్రశ్నలు మనవాళ్లకి అతుకుతాయో లేదో చూస్తోంది.

మెట్లెక్కడం కష్టమా అంటే అన్నయ్య లేదన్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమా అంటే అదీ లేదన్నాడు. ఆమె కలం ఆపి వాడి చేతుల వంక చూసింది.

"మెట్లు మా ఇంట్లో లేవు. బొత్తాలు అమ్మ పెడతాది. నాకు కష్టమేటి?" అన్నాడు, మాట ముద్దగా. "కష్టం అమ్మది. ఆ కాయితం అమ్మకియ్యి."

ఆమె నవ్వింది. నేనూ నవ్వి, పొయ్యి ఆరిపోతోందని లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఎవరడిగినా బాగున్నామనడమే కదా మనకు అలవాటు. కష్టం చెప్తే దేవుడి మీద సణిగినట్టని పాస్టరుగారు అంటారు.

తర్వాత ఆమె నన్ను, జబ్బు మొదలైందని ముందుగా దేన్నిబట్టి తెలిసిందని అడిగింది.

"గట్టు మీదమ్మా," అన్నాను. "ఈడి నాన్న ఓ నాడు గట్టు దిగిపోయి సేలో నడవడం మొదలెట్టాడు. ఈడూ అంతే. తూలిపోతామని కాలికి ముందు తెలుస్తాది, మనిషికి తరవాత."

ఆ మాట కాగితంలో లేదట. 'పొలం గట్టు మీద పక్కకి తూలకుండా నడవగలరా?' అని రాసుకుని, నాకు చదివి వినిపించింది. మందుందా అని అడిగాను. లేదంది. ఎప్పటికైనా వస్తే, అది పనిచేస్తోందో లేదో ఈ ప్రశ్నలే చెప్తాయంది. అప్పటికి రాబర్ట్ ఉంటాడా అని నేను అడగలేదు.

అడగకపోవడానికి కారణం వాడొక్కడే కాదు తల్లీ. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు, దానమ్మ పిన్ని ఇంటికి వెళ్తూ నువ్వు గట్టు దిగి మినపచేలో నడిచావు. మొక్కలు తొక్కుతున్నావేమే అంటే, కాళ్లకి మెత్తగా బాగుందన్నావు. నేను నీ వెనకే ఉన్నాను. చెప్పులు అరిగాయేమో, కొత్తవి కొనుక్కోమన్నాను. అసలు భయం దాచుకున్నాను. ఫోనులో చెప్దామంటే రాబర్ట్ పక్కనే ఉంటాడు. వాడు రోజూ నీ పెళ్లి కోసం ప్రార్థన చేస్తున్నాడు.

సంజయ్‌కి ఒప్పుకోనా అని అడిగావు. ఒప్పుకోమనలేను, వద్దనలేను. డాక్టరమ్మ రాసుకున్న మాటే నిన్ను అడుగుతున్నాను. గట్టు మీద తూలకుండా నడవగలవా, అమ్మా? నీ జవాబు ముందు సంజయ్‌కి చెప్పు, తర్వాత నాకు రాయి. బాగున్నానని మాత్రం రాయకు.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ