కోటు మీద కొలత

నవంబరు 16, 1982

చిరంజీవి ఆర్నీకి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ఒంటికి సంబంధించినంత వరకే ఆ మాట, మిగతాది చదివితే నీకే తెలుస్తుంది. సరస్సు మీద గాలి లేచిందని రేడియోలో చెప్పినప్పుడల్లా నీ ఓడ ఎక్కడుందో అనుకుంటాను. డెక్కు మీదికి వెళ్ళేటప్పుడు ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకో.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మోకాలి నొప్పి ఎలా ఉందన్నావు. ఉంది. కట్టెలు చలికాలానికి సరిపోతాయా అన్నావు. సరిపోతాయి, నేనే దగ్గరుండి పేర్పించాను. నీ మూడో ప్రశ్న చదివాక మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాను. "అమ్మా, నువ్వేం చేశావు?" అని నన్ను అడుగుతావా? నీ పెళ్ళాం నాలుగు ముక్కలు రాసి, పిల్లను తీసుకుని అలబామాలో పుట్టింటికి పోతున్నానంటే, నెల్డా ఏం చేసిందని అడగాలని నీకు తోచలేదు. సరే, అడిగావు కాబట్టి మొదటి నుంచీ విను.

సెప్టెంబరు ఆఖర్లో ట్రీనా, హాలోవీన్‌కు ఇల్లిల్లూ తిరిగి మిఠాయి అడగడానికి కోడిపుంజు వేషం వేస్తానంది. పిల్లలందరూ మంత్రగత్తెలూ దయ్యాలూ అవుతామంటారు, నీ కూతురికి మాత్రం అలబామా తాతగారి పెరట్లో పుంజు కావాలి. కొట్లో అట్టపెట్టెల్లో అమ్మే వేషాల్లో పుంజు లేదు. ఉన్నా కొనే స్తోమతు మనకెక్కడిది? నువ్వు పనిచేసే గని మూతపడ్డాక నీకు ఓడ మీద పని దొరికేసరికి జూలై అయింది. "నేనే కుడతాను, ఇంట్లో ఉన్నవాటితోనే అయిపోతుంది. మిషను వాడుకుంటాను అత్తయ్యా" అంది మీ ఆవిడ. అడగడం కాదు, చెప్పడం. మీరు ఏప్రిల్లో ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల నన్ను ఒక్కటంటే ఒక్కటి అడిగిన పాపాన పోలేదు. పొయ్యి ఎలా రాజెయ్యాలో అడగదు. రొట్టెలో పంచదార వెయ్యాలా అని అడగదు, ఆ చప్పిడి మొక్కజొన్న రొట్టె తెచ్చి నా ముందు పెడుతుంది.

మూడు వారాలు వంటింటి బల్ల దానిదే. నేను చారు గిన్నె ఒళ్ళో పెట్టుకుని తిన్నాను. నీ చిరిగిన గళ్ళ చొక్కాలు, మన పాత ఎర్ర కర్టెను, చర్చిలో పాతబట్టల పెట్టెలో దొరికిన ఏదో కోటు లోపలి గుడ్డ, అన్నీ ఈకలుగా కత్తిరించి కింది వరస మీద పై వరస వచ్చేలా కుట్టింది. తోకకు బట్టలు తగిలించే తీగలు వంచి వాటికి పీలికలు చుట్టింది. తల మీద తురాయికి గిన్నెలు తోముకునే ఎర్ర రబ్బరు తొడుగులో దూది కూరి నిలబెట్టింది, ఐదు వేళ్ళూ ఐదు కొనలు. పసుపు తొడుగులు రెండు పుంజు కాళ్ళయ్యాయి. చేతిలో పనితనం ఉంది, లేదనను.

కానీ ఏం లాభం? కొలత తీసింది పల్చటి గౌను మీద. ఇక్కడ అక్టోబరు ఆఖరంటే ఏమిటో నీకు చెప్పాలా? చిన్నప్పుడు నీ బందిపోటు వేషానికి నేను ముందు నీకు మంచు కోటు తొడిగి, దాని మీద కొలిచి కుట్టలేదూ? ఈ ఊళ్ళో ఏ తల్లయినా అంతే. వేషం వేసిన పిల్లలందరూ ఆ రోజు బస్తాల్లా దొర్లుతూ తిరుగుతారు. అలబామాలో ఆ రోజుకు పొట్టి చేతుల చొక్కాలే చాలునట. నేను పొయ్యి దగ్గర పనిలో ఉన్నాను, అది కొలవడం నేను చూడలేదు.

హాలోవీన్ నాడు మధ్యాహ్నం నుంచే మంచు. సాయంత్రం ఐదింటికి పిల్లకు కోటు తొడిగి పైన వేషం ఎక్కించబోతే చంకల దగ్గర పర్రుమని చిరిగింది. వేషం మీద కోటు వేస్తే ఈకలు నలిగి, తోక వంగి, పుంజు కనబడకుండా పోయింది. ట్రీనా ఏడుపు లంకించుకుంది.

"ఇక్కడ కోటు మీద కొలుస్తారమ్మా. ఆ మాత్రం తెలియదా?" అన్నాను నేను.

"తెలియదు అత్తయ్యా" అంది. "మీరు చెప్పలేదు."

"నన్నెవరడిగారు?"

చిరిగినచోట పిన్నీసులు పెట్టి, కోటు లేకుండా, లోపల ఒక్క స్వెట్టరుతో పిల్లను బయటికి తీసుకుపోయింది. మూడే ఇళ్ళు. రెండిళ్ళ వాళ్ళు మెచ్చుకుని మిఠాయి పెట్టారట. మూడోది హిల్మా కంగాస్ ఇల్లు. హిల్మా నోరు నీకు తెలుసుగా. తలుపు తీసి, "ఓహో, మీ అత్తగారు సైమా చెప్పిన పుంజు ఇదేనా! కోటు పట్టదు, చూస్తూ ఉండండి, రెండు గడపలు తిరిగేసరికి కోడి కాస్తా గడ్డకట్టుకుపోతుందని చర్చిలో కాఫీ దగ్గర మమ్మల్ని పడీపడీ నవ్వించిందిలే. లోపలికి రండమ్మా, పిల్ల వణికిపోతోంది" అందట.

చెప్పేశాను కదూ. ఇక దాచి లాభం లేదు. పొయ్యి దగ్గర ఉండి చూడలేదని పైన రాశాను, అది అబద్ధం. చూశాను. టేపు పట్టుకుని గౌను మీద కొలుస్తుంటే చూశాను, కత్తెర పెడుతుంటే చూశాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. గుడ్డ ఇంకా మిగిలే ఉంది. నోరు మూసుకున్నాను. మర్నాడు ఆదివారం చర్చిలో హిల్మాకూ మిగతా వాళ్ళకూ చెప్పి నవ్వాను. కోడలి పరువు నలుగురిలో పోతే చూడాలనుకున్నాను, ఆర్నీ. దాని కుట్టు నా కుట్టు కన్నా బాగుంది, ఆ వరసలు చూసి ఓర్వలేకపోయాను. పిల్ల చలిలో నిలబడుతుందన్న సంగతి నాకు తట్టలేదని రాయబోయాను. తట్టింది. అక్కడిదాకా రానిస్తుందా, ఈలోగా నన్నే వచ్చి అడుగుతుందిలే అనుకున్నాను.

ఇంటికొచ్చాక నెల్డా అరవలేదు. అరిచినా బాగుండేది. పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ, "నా మీద కోపముంటే నా మీద చూపించండి అత్తయ్యా, నేను పడతాను. దీని మీద చూపించారు" అంది. నేను "చలి తెలియని ఊరివాళ్ళు చలి ఊరివాణ్ణి ఎందుకు చేసుకోవాలో" అన్నాను. అవును, అప్పుడు కూడా అన్నాను.

ట్రీనాకు ఐదు రోజులు చెవిపోటు, జ్వరం. ఇప్పుడు తగ్గింది, భయపడకు. నాలుగో రోజు నేను చారు తీసుకెళ్ళేసరికి అది తలకు తువ్వాలు చుట్టుకుని పడుకుని వాళ్ళమ్మతో అంటోంది, "ఇంకెప్పుడూ నాకేమీ కుట్టొద్దమ్మా. నీకు రాదు."

నెల్డా నావైపు చూసింది. నేను చెప్పవలసిన మాట ఒక్కటే: మీ అమ్మకు తెలియదు, నాకు తెలుసు, చెప్పలేదు. గిన్నె అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. ఆ రాత్రే నీకు ఆ నాలుగు ముక్కలు రాసినట్టుంది.

శనివారం బస్సుకు టిక్కెట్లు తెచ్చుకుంది. నిన్న కూడా వచ్చి మర్యాదగానే అడిగింది. "నాకు క్షమాపణ వద్దు అత్తయ్యా. ట్రీనాకు నిజం చెప్పండి. తన తల్లికి చేతకాదనుకుంటూ నా బిడ్డ పెరగకూడదు." అడగదు అడగదు అని ఏడ్చానే, అడిగింది. ఆరేళ్ళ పిల్ల ముందు తల వంచలేకపోయాను. అరవై మూడేళ్ళు వచ్చాయి, నా తప్పు అని ఎవరితోనూ అన్న గుర్తు లేదు. మీ నాన్నతోనూ అనలేదు.

నోటితో కానిది చేత్తో చేస్తున్నాను. ఈ ఉత్తరం అతికించను. పోస్టు చెయ్యమని ఇలాగే విప్పి నెల్డా చేతికిస్తాను, ఇందులో ట్రీనాకు చదివి వినిపించవలసింది ఏదో దానికి తెలుస్తుంది. దాని గురించి రాసిన చెడ్డ మాటలు ఒక్కటీ కొట్టెయ్యలేదు. అవి కొట్టేస్తే మిగతాది కూడా నమ్మదు. ఇది చదివి ఉంటుందో, వెళ్ళిపోతుందో నాకు తెలియదు. ఉండమని అడిగే మొహం నాకు లేదు, నువ్వు కూడా నా తరఫున అడగకు.

ఇది నీ చేతికి అందిందంటే అది చదివే పంపిందని తెలుసుకో. పొయ్యిలో పడేస్తే నేనిదంతా ఒప్పుకున్నానని నీకెప్పటికీ తెలియదు. అదీ న్యాయమే.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి,
శనివారం దాకా ఒకే కప్పు కింద ట్రీనాకు నానమ్మ,
సైమా