జిగురు రోలర్ చేరింది

చర్ల మండలం నుంచి,
మే 24, 1992

అత్తయ్య గారికి మీ నిర్మల నమస్కరించి రాస్తున్న సంగతులు.

మీరు విజయవాడ ఎగ్జిబిషన్‌లో కొని పంపిన జిగురు రోలర్ భద్రంగా చేరింది. వద్దన్నా వినకుండా ఈ అడవి ఊళ్ళో నర్సు ఉద్యోగంలో చేరానని మీకింకా కోపం పోలేదని తెలుసు. అంత కోపంలోనూ నా తెల్లచీర గురించి ఆలోచించారు. నాకది చాలు.

చీరకైతే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఇక్కడ బూరుగు కాయలు పగిలి దూది ఊరంతా ఎగురుతోంది. రోలర్ ఒక్కసారి దొర్లిస్తే నూగంతా దానికే అంటుకుంటుంది. కాగితం నిండాక ఒలిచేస్తే కింద కొత్తది. మా సబ్‌సెంటర్ ఆయా జంపక్క చూసి, "గిదేంది సిస్టరమ్మా, చపాతీల కర్ర చీరకు రుద్దుతున్నవ్?" అంది. అంతటితో ఊరుకుందా, నా చేతిలోంచి తీసుకుని మంచం కింద చక్కెర డబ్బాకు బారు కట్టిన చీమల మీద దొర్లించింది. చీమలన్నీ కాగితం మీదికి వచ్చేశాయి. చీపురుతో ఊడిస్తే ఇల్లంతా పరుగులు పెట్టేవి.

మామయ్యకు నా నమస్కారాలు.

మీ మేనకోడలు
నిర్మల

తా.క.: చీమల కాగితం బయట పడేస్తే జంపక్క కోడి వాటిని పొడుచుకు తినబోయింది. కాగితం ముక్కుకు అంటుకుపోయి ఊరంతా తిరిగొచ్చింది. పిల్లలు దాన్ని పోస్టుమాన్ అంటున్నారు.

*

కల్లూరు,
జూన్ 5

చి. నిర్మలకు నీ రాఘవమ్మత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. మంచం కింద చీమలా? అవి చక్కెర కోసం వచ్చాయంటే నేను నమ్మాలా? నిద్రలో చెవిలో దూరితే ఎవరిని పిలుస్తావు? అన్నం వండుకునే ఓపిక కూడా లేక చపాతీలతో గడుపుతున్నావని జంపక్క మాటలోనే తెలిసిపోయింది. కోళ్ళు కాగితాలు తింటున్నాయంటే ఆ ఊళ్ళో మనుషులకు ఏం దొరుకుతుంది?

మీ అమ్మ పోయినప్పుడు నిన్ను నా ఒళ్ళో పెట్టారు. నేను నిన్ను పెంచింది ఇందుకు కాదు. మీ మామయ్యకు ఖమ్మంలో తెలిసినవాళ్ళున్నారు. నువ్వు ఊఁ అంటే చాలు.

అత్తయ్య
రాఘవమ్మ

తా.క.: చీమల మీద దొర్లించిన రోలర్‌నే మళ్ళీ చీరకు దొర్లించడం లేదు కదా?

*

చర్ల మండలం నుంచి,
జూన్ 23

అత్తయ్య గారికి నమస్కారాలు.

మీరు ఊరికే బెంగ పెట్టుకోకండి. చీమలు పోయాయి. ఇప్పుడు ఉసిళ్ళు వచ్చాయి.

తొలివాన పడ్డాక కరెంటు పోతే లాంతరు పెట్టాను. తెల్లారేసరికి ఇల్లంతా ఉసిళ్ళ రెక్కలే. చీపురు వేస్తే లేచి కూరగిన్నెలో పడతాయి. రోలర్‌కు మాత్రం కిక్కురుమనకుండా అంటుకున్నాయి. దోమతెర మీద, దిండ్ల మీద, మీరిచ్చిన దుప్పటి మీద, అన్నిటి మీదా దొర్లించాను.

అసలు సంగతి వేరే ఉంది. మొన్న ఇంజెక్షన్ల గాజు సీసా ఒకటి సబ్‌సెంటర్ వరండాలో పగిలింది. తల్లులు పిల్లల్ని కింద దింపేది అక్కడే. కంటికి కనబడ్డ ముక్కలు ఏరాను. కనబడనివి ఏం చేయాలో తెలియక నిలబడిపోయాను. జంపక్క రోలర్ తెచ్చి వరండా అంతా అంగుళం వదలకుండా దొర్లించింది. కాగితం ఎండలో పెట్టి చూస్తే గాజుపొడి మెరిసింది. తర్వాత ఈ ఊరి ముసలాయన సీతయ్య మనవడు అక్కడే పాకుతుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

అత్తయ్యా, తాళంచెవి నా కొంగున ఉన్న మొదటి ఇల్లు ఇది. ఇక్కడి దుమ్ము కూడా నాదే. దాన్ని దులిపేటప్పుడు ఎంత బాగుంటుందో మీకెలా చెప్పాలో తెలియడం లేదు.

మీ
నిర్మల

తా.క.: సీతయ్య తన మోకాలి నొప్పికి కూడా రోలర్ దొర్లించమని పట్టుబట్టాడు. వెంట్రుకలన్నీ ఊడివచ్చాయి. నొప్పి పోయిందంటున్నాడు. రెండో మోకాలికి రేపు రమ్మన్నాను.

*

కల్లూరు,
జూలై 8

చి. నిర్మలకు ఆశీస్సులు.

ఇంక నువ్వు ఊఁ అనేదాకా ఆగలేదు. చీకట్లో కాపురం, కూరలో పురుగుల రెక్కలు, కాళ్ళ కింద గాజుముక్కలు. మందులు లేక ముసలాళ్ళ వెంట్రుకలు పీకి వైద్యం చేయాల్సి వస్తోంది. పైగా ఏడుస్తున్నానని నువ్వే రాశావు. నేను, మామయ్య ఖమ్మం వెళ్ళాం. నీ ఉత్తరాలు రెండూ మీ ఆరోగ్యశాఖ ఆఫీసరు గారి టేబుల్ మీద పెట్టి ఏడ్చాను. ఆయన మంచివాడు, చలించిపోయాడు. కల్లూరు దగ్గరే నీకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాయించాడు. వచ్చే నెలాఖరులోగా చేరాలి. మన ముందు గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, మంచం కూడా వేయించాను.

నీ
అత్తయ్య

తా.క.: ఆ రోలర్ అక్కడే పడేసి రా. అది ఎక్కడెక్కడ తిరిగిందో తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

*

చర్ల మండలం నుంచి,
జూలై 20

అత్తయ్య గారికి,

ఆర్డరు వచ్చింది. రెండుసార్లు చదివాను.

నేను బాధలు రాయలేదు అత్తయ్యా. నవ్వుకున్నవి రాశాను. మీకు తప్ప ఇంకెవరికీ రాయను కూడా. ఆ ఉత్తరాలే పట్టుకెళ్ళి నన్ను ఇక్కడి నుంచి లాగేస్తారని అనుకోలేదు. ఇకమీదట క్షేమమని ఒక్క ముక్క రాసి ఊరుకోవాలేమో.

జంపక్కకు చెప్పాను. చేతిలో చీపురు పక్కన పెట్టేసింది. తర్వాత, "పోయేటట్లయితే గా రోలర్ నాకిచ్చి పో. పోకుంటే మాత్రం ఇయ్యకు" అంది.

మీ మాట ఒకసారి కాదన్నాను. రెండోసారి అనలేను. మీరు రమ్మంటే వస్తాను. కానీ ఇక్కడే ఉండాలని ఉంది. ఉండనివ్వండి.

నిర్మల

తా.క.: ఆర్డరు మీద చీమ పాకుతుంటే అలవాటుకొద్దీ రోలర్ దొర్లించాను. చీమతోపాటు ఆఫీసరు గారి సంతకం సగం అంటుకుని వచ్చేసింది. మిగిలిన సగం చెల్లుతుందో లేదో మామయ్యను అడగండి.

*

కల్లూరు,
ఆగస్టు 2

చి. నిర్మలకు అత్తయ్య రాస్తున్నది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నా కళ్ళజోడు విరిగి ఉంది. మామయ్యను చదవమన్నాను. ఆయన సంతకం దగ్గరకు వచ్చేసరికి నవ్వాపుకోలేక, పాతవి కూడా తెమ్మన్నారు. అన్నీ పైకి చదివారు. కోడి దగ్గర ఆగిపోయారు, మోకాలి దగ్గర మంచం మీద వాలిపోయారు. నాకు కోపం వచ్చింది. ఆ తర్వాత, ఆ చదువుతున్న గొంతులో నువ్వు నవ్వడం వినబడింది. ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే వంటింట్లో కూర్చుని, నువ్వేదో దాస్తున్నావని అక్షరం అక్షరం కింద వెతుక్కుంటూ చదివాను. తల్లిలేని పిల్ల నవ్వితే నాకు ముందు భయమే వేస్తుంది.

మర్నాడే ఖమ్మం వెళ్ళాం. ట్రాన్స్‌ఫర్ వద్దు, ఆ ఊరు మా పిల్లకు బాగుంది అని చెప్పి, సాక్ష్యానికి నీ ఉత్తరాలే టేబుల్ మీద పెట్టాను. ఆఫీసరు గారు, "పోయిన నెల గివే ఉత్తరాలు తెచ్చి ఏడ్చిన్రు గదమ్మా" అన్నాడు. "అప్పుడు నాకు చదవడం రాలేదండీ" అన్నాను. ఆర్డరు రద్దు చేశారు. నువ్వు అక్కడే ఉంటున్నావు.

ఇక్కడి దుమ్ము కూడా నాదే అని రాశావు చూడు, అక్కడ మామయ్యను ఆపి మళ్ళీ చదివించుకున్నాను. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇల్లు ఊడుస్తూనే ఉన్నాను. మొదట మా అత్తగారి ఇల్లు, తర్వాత మీ మామయ్య ఇల్లు. నాది అని ఎప్పుడూ అనిపించలేదు. అందుకే నువ్వు ఏం రాస్తున్నావో నాకు అర్థం కాలేదు.

గోదావరి వరద తగ్గగానే వస్తాను. నిన్ను తీసుకురావడానికి కాదు. కొన్నాళ్ళు నీ ఇంట్లో చుట్టంగా ఉండటానికి. నాకు ఏ పనీ చెప్పకు.

నీ అత్తయ్య
రాఘవమ్మ

తా.క.: రద్దు కాగితం ఇస్తూ ఆఫీసరు గారు ఆ రోలర్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. వాళ్ళింట్లో బొచ్చుకుక్క ఉందట, ఆయన ప్యాంట్ల నిండా దాని బొచ్చేనట. చీమలకు, గాజుకు, మోకాళ్ళకు సరే గానీ, కుక్కబొచ్చుకు అది ఏం పనికొస్తుందని నచ్చజెప్పి వచ్చాను.